నడిపేదీ తిప్పేదీ ఒకే హ్యాండిల్: మెలికలు తిరిగే ఒక హ్యాండ్‌సైకిల్ కేసు

మామూలు సైకిల్‌ని కాళ్లు నడుపుతాయి, చేతులు తిప్పుతాయి. హ్యాండ్‌సైకిల్‌లో రెండు పనులూ చేతుల మీదే పడతాయి. ముందు చక్రానికి బలాన్నిచ్చే క్రాంకు, దిశ మార్చే హ్యాండిల్ ఒకే వస్తువు. అందుకే ఈ బండిలో హ్యాండిల్ వణుకుతోందనో, పక్కకు లాగుతోందనో ఫిర్యాదు వస్తే చూడాల్సింది ఫోర్కు ఒక్కటే కాదు. నడిపే మనిషి ఎలా కూర్చున్నాడు, బలం ఎక్కడి నుంచి ఎటు వెళ్తోంది అన్నవి చాలాసార్లు అంతకంటే ముఖ్యం. ఈ కేసును పూర్తిగా రాయడానికి కారణం అదే. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాం. కొలతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాం.

నేపథ్యం

నడిపే వ్యక్తి నడివయసువారు. ఛాతీ దగ్గర, టీ7 (ఏడో ఛాతీ వెన్నుపూస) స్థాయిలో వెన్నుపాముకు దెబ్బ తగిలింది. చేతులు, భుజాలు పూర్తి బలంతో ఉన్నాయి. పొట్ట, నడుము కండరాలకు పట్టు చాలా తక్కువ, ఆ కింద స్పర్శ లేదు. రోజూ వీల్‌చెయిర్ వాడతారు. బయట నాలుగైదు కిలోమీటర్ల దూరాలకు హ్యాండ్‌సైకిల్ కావాలనుకున్నారు. బరువు 70 కిలోలు.

బండి ముందు ఒకటి, వెనక రెండు చక్రాలున్న రకం. నిటారుగా కూర్చునే సీటు, ముందు చక్రానికే చైను, క్రాంకులు ఫోర్కుకే బిగించి ఉన్నాయి. అంటే హ్యాండిల్ తిప్పితే క్రాంకు, చైను, చక్రం మొత్తం కలిసి తిరుగుతాయి, చైను మెలిపడదు. ఈ అమరిక కొత్తది కాదు. 1655లో న్యూరెంబర్గ్‌లో గడియారాలు చేసే స్టీఫన్ ఫార్‌ఫ్లర్ తన కోసం చేసుకున్న మూడు చక్రాల బండిలో కూడా చేతులు ముందు చక్రాన్నే తిప్పేవి.

వచ్చినప్పుడు ఉన్న కొలతలు: బండి 20 కిలోలు, ముందు చక్రానికీ వెనక చక్రాలకీ మధ్య దూరం 110 సెం.మీ., వెనక చక్రాల మధ్య వెడల్పు 75 సెం.మీ. ముందు చక్రం 20 అంగుళాలది, చుట్టుకొలత దాదాపు 1.5 మీటర్లు. క్రాంకు 170 మి.మీ., రెండు గ్రిప్పుల మధ్య 440 మి.మీ. చైన్‌వీల్ 36 పళ్లు, ముందు చక్రం మీది స్ప్రాకెట్ 18 పళ్లు, చక్రం మధ్యలో 8 గేర్లు లోపలే ఉన్న హబ్బు, వెనక్కి తిప్పితే పట్టే కోస్టర్ బ్రేకు. క్రాంకులు మామూలు సైకిల్‌వే, ఒకటి పైన ఉంటే రెండోది కింద.

వచ్చిన సమస్య

ఫిర్యాదులు మూడు. ఒకటి, కాస్త వేగం అందుకోగానే ముందు చక్రం కుడికీ ఎడమకూ ఊగుతూ బండి మెలికలు తిరుగుతోంది. రెండు, దారిలో ఉన్న 6 శాతం వాలు ఎక్కేసరికి కుడి భుజం ముందు వైపు నొప్పి, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేనంత. మూడు, ఇంటి ముందున్న చిన్న 10 శాతం ఎత్తు దగ్గర ముందు చక్రం ఉన్నచోటే తిరుగుతోంది.

ఈ మూడూ వేరువేరు సమస్యల్లా కనిపిస్తాయి. మన దగ్గరికి రాకముందు చేసిన మరమ్మతులు కూడా అలా అనుకునే జరిగాయి. మెలికలు ఆగాలని హెడ్‌సెట్ (ఫోర్కు తిరిగే బేరింగుల జత) గట్టిగా బిగించారు. అది చాలక స్టీరింగ్ డ్యాంపర్ పెట్టారు. జారకుండా గరుకు టైరు వేశారు. ఏదీ పనిచేయలేదు.

హెడ్‌సెట్ బిగించడం పరిస్థితిని ఇంకా చెడగొట్టింది. బిగుసుకున్న కప్పు, కోను మధ్య ఫోర్కు తేలిగ్గా కదలదు. కొంచెం బలం పెడితే రాదు, ఇంకొంచెం పెడితే ఒక్కసారిగా వస్తుంది. నడిపే మనిషి సరిచేయబోయి ప్రతిసారీ అవసరానికి మించి తిప్పుతాడు. డ్యాంపర్‌ది ఇంకో లోపం. అది ఫోర్కు ఎంత వేగంగా తిరుగుతోందో దాన్ని మాత్రమే అడ్డుకుంటుంది. తిప్పుతున్న బలం చేతుల నుంచే వస్తున్నప్పుడు డ్యాంపర్ ఆ బలంతో పోరాడుతుంది, ఆ పోరాటానికయ్యే శ్రమను మళ్లీ భుజమే మోయాలి.

అందుకని మొదట చేసింది వాటిని విప్పడమే. డ్యాంపర్ తీసేసి, హెడ్‌సెట్‌ను ఆడకుండా, పట్టేయకుండా సరిచేశాం. ముందు చక్రం ఎత్తి పట్టుకుని వేలితో తోస్తే ఫోర్కు ఏ మూలా ఆగకుండా ఒరిగిపోవాలి. బేరింగ్ కప్పులో గుంటలు పడితే నేరుగా ఉన్నప్పుడు చిన్న గాడిలో కూర్చున్నట్టు తగులుతుంది. ఇక్కడ అది లేదు.

మెలిక ఎక్కడి నుంచి వస్తోంది

ముందు చక్రం ఊగడానికి కారణాలు రెండు గుంపులుగా ఉంటాయి. చక్రం, ఫోర్కు, బేరింగుల లోపమైతే ఊపు బండి వేగాన్ని బట్టి ఉంటుంది. చేతుల బలం నుంచి వస్తే క్రాంకు చుట్లను బట్టి ఉంటుంది. ఈ తేడా తేల్చడానికి పరికరాలేమీ అక్కర్లేదు. ముందు టైరును నీళ్లతో తడిపి, పొడిగా, సమంగా ఉన్న సిమెంటు నేల మీద ఇరవై మీటర్లు నడిపించాలి. తడి గీత ఆరేలోపు టేపుతో కొలవాలి. ఒక మెలిక మొదలైన చోటి నుంచి మళ్లీ అదే వైపు మెలిక మొదలయ్యే చోటికి ఎంత దూరం? గేరు మారిస్తే ఆ దూరం మారుతుందా?

ఈ బండిలో అయిదో గేరు నిష్పత్తి 1. అంటే క్రాంకు ఒక చుట్టుకు బండి 1.5 × 36 ÷ 18, అంటే 3 మీటర్లు వెళ్లాలి. మొదటి గేరు నిష్పత్తి 0.527, కాబట్టి 1.58 మీటర్లు. తడి గీతలో అయిదో గేరులో మెలిక పొడవు 3 మీటర్లకు, మొదటి గేరులో 1.6 మీటర్లకు దగ్గరగా వచ్చింది. తర్వాత చేతులు తేలిగ్గా ఆనించి, తిప్పకుండా, చిన్న వాలు మీద బండిని వదిలితే గీత నేరుగా ఉంది. ఫ్రేము వంకరైతే గీత ఒకే పక్కకు ఒరుగుతూ పోయేది, ఇలా అటూ ఇటూ ఊగేది కాదు. ఈ రెండు పరీక్షలతో ఫోర్కు జోలికి వెళ్లనవసరం లేదని తేలింది.

ట్రెయిల్ అంటే స్టీరింగ్ ఇరుసు గీత నేలను తాకే చోటికీ టైరు నేలను తాకే చోటికీ మధ్య దూరం. దాన్ని పెంచితే బండి నేరుగా పోతుందని ఒక సలహా అప్పటికే ఉంది. హెడ్ కోణం (స్టీరింగ్ ఇరుసు నేలతో చేసే కోణం) 70 డిగ్రీలు, ఫోర్కు ఆఫ్‌సెట్ (స్టీరింగ్ ఇరుసు గీత నుంచి చక్రం ఇరుసు ముందుకు ఉన్న దూరం) 40 మి.మీ. కాబట్టి ట్రెయిల్ దాదాపు 44 మి.మీ. ఆఫ్‌సెట్ 20కి తగ్గిస్తే ట్రెయిల్ 66 అవుతుంది. కానీ ట్రెయిల్ వల్ల చక్రం తనంతట తాను నేరుగా నిలవడం వేగం మీద కనిపించే గుణం. ఐదారు కిలోమీటర్ల వేగంలో దాని సాయం చాలా కొంచెం. పైగా ట్రెయిల్ పెరిగేకొద్దీ ఆగి ఉన్నప్పుడు చక్రం పక్కకు వాలిపోయే గుణం కూడా పెరుగుతుంది. హ్యాండ్‌సైకిల్‌లో క్రాంకులు, చైన్‌వీల్, వాటి మీద ఆనిన చేతుల బరువు అన్నీ ఫోర్కు మీదే ఉంటాయి కాబట్టి ఆ వాలు ఇంకా గట్టిగా తెలుస్తుంది. అందుకే ఆ సలహా పక్కన పెట్టాం.

మొదటి మార్పు: రెండు చేతులూ ఒకేసారి

క్రాంకులు ఎదురెదురుగా ఉన్నప్పుడు ఒక చెయ్యి ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంటుంది. ఒక్కో చేతిలో 50 న్యూటన్ల బలం అనుకుందాం. గ్రిప్పు స్టీరింగ్ ఇరుసు నుంచి పక్కకు 0.22 మీటర్ల దూరంలో ఉంది. కుడి చెయ్యి ముందుకు తోస్తే చక్రం ఎడమకు తిరగబోతుంది. ఎడమ చెయ్యి వెనక్కి లాగితే అప్పుడూ ఎడమకే. రెండూ కలిసి 22 న్యూటన్ మీటర్లు. అర చుట్టు తర్వాత అదే బలం కుడికి. కాళ్లతో తొక్కే సైకిల్‌లో పెడళ్ల బలం ఫ్రేము మీద పడుతుంది, హ్యాండిల్‌కు దానితో సంబంధం లేదు. ఇక్కడ ప్రతి తోపూ ఒక మలుపే.

రెండు క్రాంకులూ ఒకే వైపు ఉంటే రెండు చేతుల బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మిగిలేది తేడా మాత్రమే. కుడి చేతిలో 20 న్యూటన్లు ఎక్కువున్నా మలుపు బలం 4.4 న్యూటన్ మీటర్లే. 2004 ఏథెన్స్‌లో హ్యాండ్‌సైక్లింగ్ పారాలింపిక్స్‌లోకి వచ్చింది. పోటీ బండ్లలో కూడా క్రాంకులు జంటగా తిరిగేవే.

మార్చడం తేలిక. ఇరుసు చివరలు చతురస్రంగా ఉన్న రకం కాబట్టి ఎడమ క్రాంకు బోల్టు విప్పి, పుల్లర్‌తో క్రాంకు లాగి, 180 డిగ్రీలు తిప్పి మళ్లీ ఎక్కించాలి. బోల్టు 35 నుంచి 40 న్యూటన్ మీటర్లకు బిగించాలి. కొద్ది సవారీల తర్వాత ఇంకోసారి బిగించకపోతే చతురస్రం రంధ్రం అరిగి క్రాంకు పాడవుతుంది. క్రాంకు ఎడమ పక్కనే ఉంటుంది కాబట్టి ఎడమ వైపు తిప్పి బిగించే మర ఉన్న దాని గ్రిప్పును మార్చనక్కర్లేదు.

తడి గీతలో మెలిక మధ్య నుంచి పక్కకు 14 సెం.మీ. ఉండేది, 6కి తగ్గింది. దీంతో ఒక కొత్త ఇబ్బంది కూడా వచ్చింది. రెండు చేతులూ ఒకేసారి బలహీన స్థానంలోకి వస్తాయి. గ్రిప్పులు శరీరానికి దగ్గరగా పైకి లేచే చోట బలం పడిపోతుంది, ఎత్తు మీద బండి అక్కడే ఆగిపోతుంది. దీనికి మందు గేరులో ఉంది.

మిగిలిన మెలిక

ఆరు సెంటీమీటర్లు కూడా తక్కువేం కాదు. కుడి చెయ్యి సహజంగా బలమైనదేమో చూడాలి. ముందు చక్రాన్ని కట్టేసి, గ్రిప్పులు కింది స్థానంలో ఉండగా లగేజీ తూచే స్ప్రింగు త్రాసును ఒక్కో గ్రిప్పుకు కట్టి లాగమన్నాం. కుడి 18 కిలోలు, ఎడమ 15.

ఆ మూడు కిలోల తేడా బలానిది కాదని గ్రిప్పు దగ్గర చూస్తే తెలిసింది. పైన తోసే క్షణంలో ఆయన ఎడమ అరచెయ్యి తెల్లబడేంత గట్టిగా పట్టుకుంటున్నారు, ఎడమ మోచెయ్యి పూర్తిగా చాచి బిగుసుకుంటోంది, నడుం పైభాగం కుడికి వాలుతోంది. అంటే ఎడమ చెయ్యి బండిని నడపడం లేదు, మనిషిని నిలబెడుతోంది. పొట్ట కండరాలు చేయాల్సిన పని గ్రిప్పు చేస్తోంది. ఛాతీ కింద ఒక బెల్టుతో తాత్కాలికంగా పట్టి ఉంచి మళ్లీ లాగిస్తే 18, 17 వచ్చాయి.

కాబట్టి చెయ్యాల్సిన పని సీటు దగ్గర. వెన్నుబల్ల బదులు గుడ్డ లాగి కట్టి ఉంది. తోసినప్పుడల్లా అది 25 మి.మీ. వెనక్కి సాగేది. దాని స్థానంలో గట్టి ప్లైవుడ్ పలక, దాని మీద పలుచటి ఫోము. ఎత్తు భుజం రెక్క ఎముక కింది కొన వరకే. అంతకంటే ఎత్తుంటే రెక్క ఎముక కదలడానికి చోటు ఉండదు, ఆ కదలిక ఆగితే నొప్పి భుజం కీలుకు వెళ్తుంది. పక్కలకు వాలకుండా నడుం పక్కన రెండు మెత్తలు, ఛాతీ కింద 75 మి.మీ. వెడల్పు బెల్టు. బెల్టు బకిల్ ఒక్క చేత్తో, తన చేత్తోనే విప్పుకోగలగాలి. బండి ఒరిగినప్పుడు ఎవరో వచ్చి విప్పేదాకా కట్టుబడి ఉండకూడదు.

మెలిక రెండున్నర సెంటీమీటర్లకు దిగింది.

భుజం నొప్పి: పొట్టి క్రాంకు ఒక్కటే సరిపోదు

క్రాంకు ఇరుసు భుజం కీలుకు 40 మి.మీ. మాత్రమే కింద ఉంది. క్రాంకు 170 కాబట్టి చుట్టు పైభాగంలో గ్రిప్పు భుజం కంటే 130 మి.మీ. పైకి వెళ్తోంది. ప్రతి చుట్టులోనూ చెయ్యి భుజం మట్టం దాటి, అదే చోట బలంగా తోస్తోంది. భుజం కీలులో సందు ఇరుకయ్యేది అక్కడే. వీల్‌చెయిర్ తోసే భుజానికి రోజంతా విశ్రాంతి ఉండదు, కాబట్టి దీన్ని ఓర్చుకోమనడం కుదరదు.

మొదట క్రాంకు మాత్రం 150కి మార్చి చూశాం. ఇరుసు దించాలంటే బూమ్ (ఫోర్కు నుంచి క్రాంకు ఇరుసును మోసే గొట్టం) కోసి వెల్డింగ్ చేయాలి, అంత పని పెట్టుకునే ముందు చుట్టు చిన్నదైతే చాలునేమో చూడటం సబబే. చాల్లేదు. వాలు మీద నొప్పి పెరిగింది. లెక్క చూస్తే కారణం కనిపిస్తుంది. 6 శాతం వాలు మీద 90 కిలోలను లాగడానికి ఎత్తు కోసం 53, చక్రాల రాపిడి కోసం 7, మొత్తం 60 న్యూటన్లు కావాలి. మొదటి గేరులో ఒక చుట్టుకు 1.58 మీటర్లు, అంటే 95 జౌళ్ల పని. 170 క్రాంకుతో చెయ్యి తిరిగే దారి 1.07 మీటర్లు, రెండు చేతులకూ కలిపి సగటు బలం 89 న్యూటన్లు. 150 క్రాంకుతో ఆ దారి 0.94 మీటర్లే, బలం 101కి పెరిగింది. చుట్టు చిన్నదై భుజానికి ఎంత మేలు చేసిందో, పెరిగిన బలం దాన్ని తినేసింది.

అందుకని గేరు, ఇరుసు ఎత్తు, సీటు మూడూ కలిపి మార్చాం. చైన్‌వీల్ 32, స్ప్రాకెట్ 21. ఇప్పుడు మొదటి గేరులో ఒక చుట్టుకు 1.2 మీటర్లు, పని 72 జౌళ్లు, 150 క్రాంకుతో కూడా బలం 77 న్యూటన్లే. చైన్‌వీల్ చిన్నదై, స్ప్రాకెట్ పెద్దదైతే హబ్బు లోపలికి వెళ్లే టార్కు (తిప్పే బలం) పెరుగుతుంది. చేతుల టార్కు కాళ్లకంటే తక్కువే అయినా, హబ్బు తయారీదారు చెప్పిన కనీస నిష్పత్తి చూడకుండా ఈ మార్పు చేయకూడదు. పై గేరులో వేగం తగ్గింది. నిమిషానికి 70 చుట్లు తిప్పితే 20 కిలోమీటర్లు వచ్చేది, ఇప్పుడు పదిహేనున్నర. ఆ నష్టం ఎందుకు ఫర్వాలేదో కింద వస్తుంది.

బలహీన స్థానంలో బండి ఆగిపోయే ఇబ్బంది కూడా దీంతోనే పోయింది. చేతి బలం తగ్గితే చుట్టు మొత్తం సమంగా తిప్పడం వీలవుతుంది.

ఇరుసును 100 మి.మీ. దించాం. ఇప్పుడు గ్రిప్పు పైకి వెళ్లినా భుజం మట్టానికి 10 మి.మీ. మాత్రమే పైన. ఇంకా దించడానికి తొడల దగ్గర చోటుంది కానీ మోకాళ్ల దగ్గర లేదు. కాళ్లు చక్రానికి అటూ ఇటూ ఫుట్‌రెస్టుల మీద ఉంటాయి, హ్యాండిల్ తిప్పినప్పుడు గ్రిప్పుకూ మోకాలికీ మధ్య 40 మి.మీ. మిగలాలి. స్పర్శ లేని మోకాలికి గ్రిప్పు కొట్టుకుంటుంటే గంట తర్వాత చూసుకునేదాకా తెలియదు. చైను సుమారు 14 లింకులు తగ్గింది, మిగతా వదులును టెన్షనర్ తీసుకుంది.

చెయ్యి చాపు సంగతి. చుట్టులో అత్యంత దూరపు స్థానంలో మోచెయ్యి 15 నుంచి 20 డిగ్రీలు వంగి ఉండాలి, భుజాలు వెన్నుబల్లకు ఆనే ఉండాలి. ఇక్కడ మోచెయ్యి పూర్తిగా చాచి, పైగా భుజాలు 50 మి.మీ. ముందుకు వచ్చేవి. సీటును 60 మి.మీ. ముందుకు జరిపితే రెండూ సర్దుకున్నాయి. గ్రిప్పుల మధ్య వెడల్పు 440 నుంచి 380కి, అంటే భుజాల వెడల్పుకు తెచ్చాం. రెండు చేతుల తేడా కలిగించే మలుపు దీంతో 14 శాతం తగ్గుతుంది. 30 డిగ్రీల మలుపులో బయటి చెయ్యి అదనంగా చాపాల్సిన దూరం కూడా 110 నుంచి 95 మి.మీ.కి తగ్గుతుంది. మరీ ఇరుకు చేస్తే కావాలని తిప్పేటప్పుడు కూడా బలం ఎక్కువ పెట్టాలి, అందుకే అక్కడ ఆపాం.

జారే చక్రం

ముందు చక్రం మీద ఎంత బరువుందో తూచకుండా టైరు మార్చడంలో అర్థం లేదు. మనిషి కూర్చుని ఉండగా ముందు చక్రాన్ని బాత్రూం త్రాసు మీద, వెనక చక్రాలను త్రాసు ఎత్తున్న చెక్కల మీద పెట్టాలి. ఇక్కడ 29.5 కిలోలు వచ్చింది, మొత్తంలో మూడో వంతు.

బరువు కేంద్రం నేలకు 55 సెం.మీ. ఎత్తులో ఉందనుకుంటే, 10 శాతం ఎత్తు మీద ముందు చక్రం నుంచి నాలుగున్నర కిలోలు వెనక్కి పోతాయి. మిగిలిన 25 కిలోలతో, పొడి గట్టి నేల మీద ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే, చక్రం 172 న్యూటన్ల వరకు పట్టు ఇస్తుంది. ఆ ఎత్తు ఎక్కడానికి సగటున 95 చాలు. కానీ చేతుల బలం చుట్టంతా సమంగా ఉండదు, గరిష్ఠ స్థానంలో సగటుకు రెట్టింపు దాకా వెళ్తుంది, అంటే 190. చక్రం జారేది ఆ క్షణంలోనే. ఒకసారి జారితే పట్టు ఇంకా తగ్గుతుంది కాబట్టి మళ్లీ అందుకోదు.

సీటు 60 మి.మీ. జరగడంతో ముందు చక్రం మీదికి 3.8 కిలోలు వచ్చాయి. అదే ఎత్తు మీద పట్టు 198కి పెరిగింది. ముందు టైరు గాలి 60 నుంచి 40 పీఎస్ఐకి తగ్గించాం. తేలిక గేరులో చుట్టంతా సమంగా తిప్పడం అలవాటయ్యాక గరిష్ఠ బలం కూడా తగ్గింది. పొడి సిమెంటు మీద జారడం ఆగిపోయింది.

దీనికి చెల్లించిన మూల్యం మలుపుల్లో ఉంది. ముందు ఒకే చక్రమున్న బండిలో బరువు ముందుకు జరిగేకొద్దీ బండి పక్కకు ఒరిగే ప్రమాదం పెరుగుతుంది, ఎందుకంటే ముందు వైపు ఆధారం ఇరుకవుతుంది. 4 మీటర్ల వ్యాసార్థపు మలుపులో బండి ఒరిగే వేగం లెక్క ప్రకారం 15.3 నుంచి 14.8 కిలోమీటర్లకు తగ్గింది. తేడా చిన్నదే అయినా ఆ అంకెలే పెద్ద హెచ్చరిక. అలాంటి మలుపులో 10 దాటకూడదని ముందే చెప్పాం. పై గేరు వేగం తగ్గినా ఫర్వాలేదన్నది ఇందుకే. సీటు దించితే స్థిరత్వం పెరిగేది. కానీ సీటు ఇప్పుడు వీల్‌చెయిర్ సీటుతో సమానమైన ఎత్తులో ఉంది, అందుకే ఎవరి సాయం లేకుండా ఎక్కి దిగగలుగుతున్నారు. ఆ స్వతంత్రం పోగొట్టే మార్పు చేస్తే బండి ఇంట్లోనే ఉండిపోతుంది.

బ్రేకు

కోస్టర్ బ్రేకు తీసేయాలా వద్దా అన్నది ఈ కేసులో తేలిగ్గా తెగని విషయం. దాంతో క్రాంకును వెనక్కి తిప్పి కావలసిన స్థానంలో పెట్టుకోలేరు, కాబట్టి ఎత్తు మీద ఆగితే మళ్లీ కదలడం కష్టం. ఫ్రీవీల్ (వెనక్కి తిప్పితే ఖాళీగా తిరిగేది), లివర్ బ్రేకు పెడితే ఆ ఇబ్బంది లేదు. కానీ లివర్‌ను తిరిగే గ్రిప్పు మీద పెడితే కేబుల్ ప్రతి చుట్టుకూ చుట్టుకుంటుంది, కాబట్టి తిరగని బూమ్ మీదే పెట్టాలి. అప్పుడు బ్రేకు వేయాలంటే ఒక చెయ్యి గ్రిప్పు వదలాలి. వేగం తగ్గేటప్పుడు శరీరం ముందుకు వాలుతుంది, ఆ బరువంతా మిగిలిన ఒక్క చేతి మీద పడుతుంది, చక్రం అటు తిరిగిపోతుంది. నడుం పట్టు లేని మనిషికి ఇది ఎత్తు మీద ఆగిపోవడం కంటే చాలా పెద్ద ప్రమాదం.

అందుకే కోస్టర్‌ను ఉంచాం. ఆగేటప్పుడు గ్రిప్పులు కింది స్థానంలోకి వచ్చాక వెనక్కి తిప్పి ఆగడం నేర్పించాం. మళ్లీ కదిలేటప్పుడు మొదటి కదలికే లాగుడు అవుతుంది, అది బలమైన స్థానం. చేతులతో వచ్చే కోస్టర్ బలం కాళ్లతో వచ్చేంత ఉండదు, చైను తెగితే అసలే ఉండదు. కాబట్టి వెనక రెండు చక్రాలకు డ్రమ్ బ్రేకులు, రెంటినీ ఒకే లివర్‌తో, లాక్‌తో సహా పెట్టాం. బండి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ లాక్ తప్పనిసరి.

ఆగి ఉన్నప్పుడు చక్రం పక్కకు వాలకుండా ఫోర్కుకు రెండు వైపులా తేలికపాటి స్ప్రింగులు పెట్టాం. 30 డిగ్రీలు తిప్పితే గ్రిప్పు దగ్గర 5, 6 న్యూటన్లకు మించకూడదు. ఇది మెలికల కోసం కాదు. గేరు మార్చడానికి ఒక చెయ్యి తీసినప్పుడు హ్యాండిల్ ఒరగకుండా ఉండటానికి.

చర్మం, కాళ్లు

సీటులో వీల్‌చెయిర్‌కు వాడే రకం ఒత్తిడి తగ్గించే కుషనే వాడాలి, మామూలు స్పాంజి కాదు. పాదాలకు మడమ దగ్గర అంచు, పాదం మీద వెడల్పు పట్టీ, పిక్కకూ స్పోకులకూ మధ్య పలక, చైనుకు పూర్తి కవరు. మొదట్లో 20 నిమిషాల సవారీలే, దిగగానే పిరుదులు, మడమలు, మోకాళ్లు అద్దంలో చూసుకోవాలి. ఎర్రదనం అరగంటలో పోకపోతే ఆ చోటి కారణం దొరికేదాకా సవారీ లేదు. దెబ్బ టీ6 లేదా ఆ పైన ఉన్నవారి విషయంలో రక్తపోటు ఒక్కసారిగా పెరిగే ప్రమాదం వేరుగా ఉంటుంది, వారికి డాక్టరు మాట తీసుకోకుండా బండి అమర్చకూడదు.

ఈ కేసు నేర్పినవి

మెలిక చివరికి ఒకటిన్నర సెంటీమీటర్లకు వచ్చింది. భుజం నొప్పి వాలు మీద రావడం లేదు, రాత్రి నిద్ర కూడా బాగుంది. మెలిక తగ్గించడానికి ఫోర్కు, చక్రం కొలతలేవీ మార్చలేదన్నది గమనించాలి.

చేతులు నడిపే, తిప్పే బండిలో వరుస ముఖ్యం. ముందు మనిషి నడుం కదలకుండా నిలవాలి, లేకపోతే చేతుల కొలతలన్నీ తప్పే వస్తాయి. బెల్టు లేకుండా తీసిన 15 కిలోలు నమ్మి ఉంటే ఎడమ చేతికి వ్యాయామం చెప్పి పంపేవాళ్లం. తర్వాత చాపు, ఇరుసు ఎత్తు. క్రాంకు పొడవు, గేరు ఎప్పుడూ జంటగానే మార్చాలి. స్ప్రింగులు, డ్యాంపర్లు ఆఖర్న, అదీ ఏ పని కోసమో తెలిసినప్పుడే. ఒక్కో మార్పు తర్వాత తడి గీత కొలిచి రాసుకోవడం ఖర్చు లేని పని, అయినా అది లేకుండా ఏ మార్పు ఎంత చేసిందో చెప్పలేం.

తేలనిది

ఇంటి ముందు ఎత్తు మీద కంకర, ఇసుక పరుచుకున్న రోజుల్లో చక్రం ఇప్పటికీ జారుతోంది. ఘర్షణ గుణకం 0.4కి పడితే పట్టు 113 న్యూటన్లే. ఎంత సమంగా తిప్పినా గరిష్ఠ బలం 140 దగ్గర ఉంటుంది. సీటు ఇంకా ముందుకు జరిపితే మోకాళ్లు, మలుపులు రెండూ ఒప్పుకోవు. ముందు చక్రం పక్కన నాలుగు కిలోల బరువు కట్టి చూస్తే పట్టు 129 దాకా వచ్చింది, కానీ ఆ బరువు రోజంతా మోయాలి, ఆగినప్పుడు ఫోర్కు ఇంకా వాలుతుంది. దాన్ని తీసేశాం. ప్రస్తుతానికి ఆ పది మీటర్లు ఊడ్చి ఉంచుతున్నారు, వాన రోజున వెనక నుంచి ఒకరు తోస్తున్నారు. వెనక చక్రానికి చిన్న మోటారు పెట్టే ఆలోచన ఉంది. దానికి ముందు డ్రమ్ బ్రేకులు ఆ అదనపు బరువును ఎంత వాలు మీద ఆపగలవో కొలవాలి.